ఆముదం పోసిన పడవ మోటారు

పోయిన నెల నంద్యాలలో స్కూటరు సర్వీసుకిచ్చి, ఆ షాపు ముందు వేసిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. వయసు మళ్ళిన ఆడమనిషిని ఎండలో నిలబెట్టకూడదన్న మర్యాద మెకానిక్కుల్లో ఇంకా మిగిలే ఉంది. టీ కూడా తెప్పించారు. లోపల చెక్క స్టాండుకు బిగించి పాత పడవ మోటారు ఒకటి కనిపించింది. రంగు ఊడి, నీళ్ళలో తిరిగే రెక్కలు వంగిపోయి ఉంది. అవుకు వైపు చేపలు పట్టేవాళ్ళు తెచ్చి ఇచ్చారట. మెకానిక్కు దాని ప్లగ్గులు రెండూ విప్పి పక్కన పెట్టి, ఒక బొక్కలో గేజి గొట్టం బిగించి, స్టాండుకు కాలు తన్నిపెట్టి స్టార్టరు తాడు లాగాడు. గేజి లేని రెండో బొక్కలోంచి గాలి ఫుస్సుమని బయటికొచ్చింది. మళ్ళీ లాగాడు. మళ్ళీ ఫుస్సుమంది. చేతిలో టీ గ్లాసు కింద పెట్టేశాను. లేచి లోపలికి వెళ్ళి, "అప్పా, దాంట్లో ఎవురన్నా నూనె పోసినారేమో అడిగినావా?" అన్నాను. అతను తల తిప్పి చూశాడు. "లే మా. ఎందుకు?" "అడిగి, ఆ తర్వాత సూడు." అతను నవ్వాడు. "మీకెట్ల తెలుసమ్మా ఈ పని?" అని అడిగాడు. మా నాయన మెకానిక్కని చెప్పి బయటికి వచ్చేశాను. స్కూటరు తీసుకుని ఇంటికొచ్చాక ఆ పూట అన్నం సహించలేదు.

నేను పిరికిదాన్ని. ఇందులో దాచడానికేమీ లేదు, మావాళ్ళందరికీ తెలుసు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటాను. బస్సు వంతెన ఎక్కితే కళ్ళు మూసుకుంటాను. పుట్టుకతో ఇంత పిరికిదాన్ని కాను. చిన్నప్పుడు ఆళ్ళగడ్డలో నాయన షెడ్డు మీది రేకులెక్కి చింతకాయలు రాల్చిన మొండిదాన్ని. ఈ భయం ఎక్కడ పట్టుకుందో నాకు బాగా తెలుసు. అది చెప్పాలంటే ఆ ఇంటి సంగతి చెప్పాలి.

ఆళ్ళగడ్డలో మా ఇల్లు ముందు షెడ్డు, వెనక వంటిల్లు, మధ్యలో ఇరుకు నడవ. నాయన పొలాల్లో నీళ్ళు తోడే ఆయిల్ ఇంజన్లు బాగుచేసేవాడు. డీజిలు వాసన, గ్రీజు వాసన, వంటింట్లో జొన్నరొట్టె కాలిన వాసన, వీటన్నిటి మీద ఆముదం వాసన. ఆముదం మా జేజిది, అంటే నాయన తల్లిది. ఆమె ఏటా ఆముదపు గింజలు వేయించి, దంచి, పెద్ద డేకిసాలో నీళ్ళు పోసి ఉడకబెట్టి, పైకి తేలిన నూనెను గరిటెతో ఎత్తి సీసాల్లో పోసుకునేది. వండేటప్పుడు ఎవరూ దగ్గరికి పోకూడదు, దిష్టి తగులుతుందట. ఆ నూనె ఆమెకు సర్వరోగ నివారిణి. పసిపిల్లల మాడుకు అదే, కాళ్ళ పగుళ్ళకు అదే, కడుపునొప్పికి అదే, తలుపుల కీళ్ళకు అదే. మా అమ్మ ఊరికే మాట పడడమెందుకని తలకు పెట్టించుకునేది గానీ, ఆ వాసనకు ఆమెకు తలనొప్పి వచ్చేది. నాయన మాత్రం ఆ వాసనలోనే పుట్టి పెరిగాడు కాబట్టి అది ఉన్నట్టే ఆయనకు తెలిసేది కాదు.

జేజికి ఇంకో అలవాటు ఉండేది. వానాకాలం ముందు రైతులు ఇంజన్లు తెచ్చి షెడ్డులో పడేసి పోయేవాళ్ళు. పంట కోతలైనాక గానీ మళ్ళీ అడగరు. అలా మూలన పడున్న ప్రతి ఇంజనుకూ జేజి చెంచాడు ఆముదం లోపల పోసేది. ముసురుకు లోపల తుప్పు పడుతుందని ఆమె బాధ. మా తాత బతికున్నప్పుడు ఎడ్లబండి ఇరుసులకు పోసిన చెయ్యి అది, ఇంజన్లొచ్చాక వాటికి పోసింది. "నోట్లో ఇంత పోస్తే ఏంబోతాది, అదీ పనిచేసే జీవమే గదా" అనేది. నాయన కాదనలేదు. నిజానికి అది మంచిదే. తుప్పు నిజంగానే పట్టదు. మళ్ళీ బాగుచేసేటప్పుడు ఆయన ఎలాగూ ఇంజను మొత్తం విప్పి కిరసనాయిలుతో కడుగుతాడు కాబట్టి ఆముదం వల్ల ఏ చిక్కూ రాలేదు. ఎన్నో ఏళ్ళు అలా నడిచింది.

కంప్రెషన్ చూడడమంటే ఏమిటో నాయన పక్కన కూర్చునే నేర్చుకున్నాను. ఇంజను లోపల పిస్టను గాలిని నొక్కుతుంది. ఆ నొక్కుడులోనే ఇంజను బలమంతా ఉంది. గాలి పక్కనుంచి జారకుండా పిస్టను చుట్టూ ఇనప రింగులుంటాయి. అవి అరిగితే గాలి జారుతుంది, బలం పోతుంది. నాయన ముందు బొక్క మీద బొటనవేలు అదిమిపట్టి తాడు లాగించేవాడు. వేలిని గాలి ఎగదన్నితే ఇంజను గట్టిది. ఆ తర్వాత గేజి పెట్టి, ముల్లు ఎంతవరకు ఎక్కిందో చూసేవాడు. ఇక్కడే ఒక మెలిక ఉంది. అరిగిన రింగుల చుట్టూ కాస్త నూనె చేరితే సందులు మూసుకుపోతాయి. ముసలి ఇంజను కూడా వయసులో ఉన్నదానిలా వేలిని ఎగదన్నుతుంది, ముల్లు నిండుగా ఎక్కుతుంది. ఆ బలం నూనె ఉన్నంతసేపే. ఇంజను వేడెక్కి నూనె కాలిపోగానే మళ్ళీ మొదటికొస్తుంది. పొలంలో రైతులు తెలిసే ఈ పని చేసేవాళ్ళు. మొండికేసిన ఇంజనులో ఇంత నూనె పోసి తిప్పి, లేచిందిలే అనిపించుకునేవాళ్ళు. చేలో ఆగిపోతే పోయేదేమీ లేదు, మళ్ళీ పోసుకోవచ్చు.

ఆ ఏడు ఎండాకాలం ఖాసిం చిచ్చా ఒక పడవ మోటారు తెచ్చాడు. చిన్నాయన వరసలో నేను ఆయన్ను చిచ్చా అనేదాన్ని. ఆయన అవుకు రిజర్వాయరులో చేపల కాంట్రాక్టరు పడవ నడిపేవాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో ఒకటి పాడుకుంటూ ఉండేవాడు. మోటారు సరిగ్గా లేవడం లేదన్నాడు. నాయన దానికి పెట్రోలు పోయే దారి శుభ్రంచేసి, కొత్త ప్లగ్గులు తెప్పించి వదులుగా పెట్టి, "మిగతాది నిదానంగా సూస్తాలే ఖాసిమన్నా" అని మూలన పెట్టాడు. కాంట్రాక్టరుకు ఇంకో మోటారు ఉండడంతో తొందరేమీ లేకపోయింది. వానలు మొదలయ్యాయి. మోటారు మూలనే ఉండిపోయింది.

ఆ వానలు ఆగలేదు. నల్లరేగడి నేల నీళ్ళు తాగి తాగి ఇక తాగనంది. కుందూ ఏరు పొంగింది. నంద్యాల దగ్గరే వీధుల్లోకి నీళ్ళొచ్చాయని బస్సువాళ్ళు చెప్పారు, ఆ తర్వాత బస్సులు కూడా ఆగిపోయాయి. ఉయ్యాలవాడ దాటి కుందూ అవతలి గట్టున ఉన్న ఒక పల్లెలో మా చిన్నమ్మను ఇచ్చారు. చిన్నమ్మ మా అమ్మకు ఒక్కతే చెల్లెలు, తల్లి చచ్చిపోతే అమ్మే ఎత్తుకుని పెంచింది. అప్పుడు చిన్నమ్మ నిండు గర్భిణి. మొదటి కానుపులో బిడ్డ అడ్డం తిరిగి, తల్లీబిడ్డా చావు తప్పి బయటపడ్డారు. ఈసారి అమ్మ ముందుగానే పోయి ఉండాలనుకుంది. ఇంతలో ఏరు అడ్డం పడింది. ఒకరోజు పొద్దున్నే ఖాసిం చిచ్చా తడిసిన గొంగడి కప్పుకుని ట్రాక్టరు మీద వచ్చాడు. పల్లెల నుంచి జనాన్ని దాటించడానికి ఆఫీసర్లు ఆయన పడవను కుందూ గట్టుకు తెప్పించారట. రెండో మోటారు నీళ్ళలో చెత్త పట్టి ఆగిపోయిందట. "ఆ పల్లెలో ఇండ్లలోకి నీళ్ళొచ్చినాయి సుబ్బన్నా. జనమంతా బడి మిద్దె మీదుండారు. మీ మరదలికి నొప్పులు మొదలైనాయంట, ఈదుకొచ్చినోడు చెప్పినాడు" అని నాయనతో అన్నాడు.

అమ్మ పొయ్యి మీద రొట్టె అలాగే వదిలేసి లేచింది. ఆమె పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాత్రం నాయన ముందుకు వచ్చి నిలబడింది. "నేను పోతాండా" అంది. నాయన మోటారు వైపు చూశాడు. "సూడకుండా పంపను. అర్ధగంట ఆగు" అన్నాడు. "దానికి నొప్పులొస్తాండాయంటే అర్ధగంటంటావేందప్పా!" అని అమ్మ అరిచింది. అమ్మ నాయన మీద గొంతెత్తడం నేను వినడం అదే మొదటిసారి. నాయన మోటారును స్టాండుకు బిగించాడు.

ఆ అర్ధగంటా నాకు అచ్చుగుద్దినట్టు గుర్తుంది. బయట వాన రేకుల మీద దరువేస్తోంది. పక్కనుంటే గానీ ఒకరి మాట ఒకరికి వినిపించడం లేదు. వంటింట్లో జేజి ఆముదం డేకిసా దించి వారుస్తోంది కాబట్టి షెడ్డు దాకా ఆవిరీ ఆముదం వాసనా నిండిపోయాయి. నాయన రెండు ప్లగ్గులూ తీశాడు. నిప్పురవ్వ లేవకుండా కరెంటు తీగలు బాడీకి తగిలించి కట్టాడు. ఖాసిం చిచ్చా తాడు లాగాడు. నాయన బొటనవేలు ఎగిరిపడింది. ఆయన ముఖంలో ఆశ్చర్యం కనిపించింది. గేజి పెట్టి మళ్ళీ లాగించాడు. ముల్లు గబగబా ఎక్కి నిలబడింది. రెండో దానికి పెట్టాడు. అదీ అంతే. రెండింటికీ తేడా లేదు. "ఇంత పాతదానికి ఇంత బలముందే" అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. బొక్క అంచున జిడ్డు కనిపించినా, పెట్రోల్లో నూనె కలిపి పోసే మోటారు కాబట్టి ఆ జిడ్డు మామూలే అనుకున్నాడు. నీళ్ళ డ్రమ్ములో ముంచి లాగితే రెండో లాగుకే అందుకుంది. పొగంతా నీళ్ళలోకి పోయింది. క్షణమాత్రం నడిపి ఆపేశాడు. అమ్మ చీర కొంగు నడుముకు దోపుకుని గడపలో నిలబడి ఉంది. నాయన ఆమె వైపు తిరిగి, "బాగుంది. నమ్మొచ్చు. పో" అన్నాడు. పడవ చిన్నది, వచ్చేటప్పుడు చిన్నమ్మనూ ఆమె పిల్లవాడినీ ఎక్కించుకోవాలి కాబట్టి తన బరువు కూడా ఎందుకని నాయన ఆగిపోయాడు. జేజి పరుగున వచ్చి అమ్మ చేతిలో ఆముదం సీసా పెట్టింది. "కానుపుకు పనికొస్తాది, ఉంచుకో" అంది. అమ్మ తీసుకుంది. ట్రాక్టరు కదిలింది.

వాళ్ళు పోయాక నాయన కాసేపు గడపలోనే నిలబడ్డాడు. తర్వాత సామాన్లు సర్దడం మొదలుపెట్టాడు. గేజి గొట్టం మూతి గుడ్డతో తుడిచి, ఎందుకో ఆగాడు. గుడ్డను వేళ్ళతో రాసి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్ళీ రాశాడు. జిడ్డు సాగుతోంది. ఇంజన్లలో వాడే నూనె అలా సాగదు. ఆయన తల వంటింటి వైపు తిరిగింది. నడవ దాకా పోయి మెల్లగా అడిగాడు. "మా, మూలనున్న పడవ మోటార్లో ఏమన్నా పోసినావా?"

"పోసినా. అన్నిట్లో పోసినట్టే" అంది జేజి లోపలి నుంచి. "దాంట్లో ప్లగ్గులు తీసి రెండు బొక్కల్లోనూ రెండేసి చెంచాలు పోసినా. నీళ్ళలో పొయ్యేది గదా, ఎక్కువ తుప్పు పడతాదని."

నాయన ముఖం ఆ క్షణాన ఎలా ఉందో చెప్పమంటే నాకు మాటలు చాలవు. రక్తమంతా ఎవరో తోడేసినట్టు తెల్లబడింది. మరుక్షణం మోటారు సైకిలు బయటికి తోశాడు. వెల్డింగు పనితో ఆయనకు దూరపు చూపు ఆనదు. "పాపా, నా కండ్లు అందవు. నువ్వు ఎక్కు" అన్నాడు. జేజి నడవలోకి వచ్చి, "యాడికప్పా ఈ వానలో?" అని అడిగింది. ఆయన చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ ముసలామె అక్కడే కూలబడి ఉండేది.

దారి పొడవునా నాయన వీపుకు అతుక్కుని కూర్చున్నాను. ఆయన గుండె కొట్టుకోవడం నా చెంపకు తెలుస్తోంది. ఎందుకు పోతున్నామో అడగలేదు. అడగక్కర లేదు కూడా. నూనె కాలిపోతే ఏమవుతుందో నాకు తెలుసు. అది ఎంతసేపట్లో కాలుతుంది, కుందూ ఎంత వెడల్పుంది, ట్రాక్టరు ఇప్పుడు ఎక్కడుంది, ఇవే తలలో తిరుగుతున్నాయి. బండి బురదలో రెండుసార్లు పడింది. లేపి మళ్ళీ ఎక్కాం. దేవుళ్ళ పేర్లు తెలిసినవన్నీ అనుకున్నాను, అహోబిలం నరసింహస్వామికి తలనీలాలు కూడా మొక్కుకున్నాను. జుట్టంటే నాకు ప్రాణం. అయినా మొక్కుకున్నాను.

గట్టుకు చేరేసరికి జనం గుంపుగా ఉన్నారు. నది అనడానికి అక్కడ ఏమీ లేదు. జొన్న చేలు, దారులు, తుమ్మ చెట్లు అన్నీ కలిసి ఒకటే ఎర్రనీళ్ళు, గుర్రుమంటూ పోతున్నాయి. పడవ అప్పటికే నీళ్ళలో ఉంది. "యాడుంది? యాడుంది పాపా?" అని నాయన నా భుజం పట్టుకుని కుదిపాడు. చూపించాను. మధ్యకు కాస్త ఇవతల, చిన్న మచ్చలాగా. వెనక ఖాసిం చిచ్చా, ముందు అమ్మ. అమ్మ పసుపుపచ్చ చీర స్పష్టంగా కనిపిస్తోంది. నాయన రెండు చేతులూ నోటికడ్డం పెట్టుకుని అరిచాడు. "వెనక్కి రా ఖాసిమన్నా! వెనక్కి రా!" ఆ నీళ్ళ హోరులో ఆ అరుపు మా పక్కవాళ్ళకు కూడా సరిగా వినిపించి ఉండదు. మోటారు చప్పుడు మాత్రం మాకు గాలిలో తేలి వస్తోంది. నాయన కళ్ళు మూసుకుని ఆ చప్పుడే వింటున్నాడు. ఆయన వినే తీరు చూసి నేనూ విన్నాను. మొదట నిండుగా ఉంది. మధ్య దాటారు. తర్వాత పలచబడింది. ఒకసారి తడబడింది. మళ్ళీ అందుకుంది. నాయన వేళ్ళు నా భుజంలో దిగబడ్డాయి. ఆ తర్వాత చప్పుడు ఆగిపోయింది.

పడవ తిరిగింది. అడ్డంగా తిరిగి, నీళ్ళు ఎటు పోతే అటు పోసాగింది. ఖాసిం చిచ్చా నిలబడి తాడు లాగడం కనిపిస్తోంది, మళ్ళీ మళ్ళీ లాగుతున్నాడు. "ఏమైతాండాది? చెప్పు, ఏమైతాండాది?" అంటున్నాడు నాయన. పడవ అవతలి గట్టు వైపు, దిగువనున్న అరటితోట వెనక్కి పోయింది. పసుపుపచ్చ చీర ఒక్కసారి మెరిసి మాయమైంది. "కనపడలే నాయనా" అన్నాను. ఆయన నా భుజం వదిలేసి నీళ్ళలోకి దిగాడు. నడుము లోతు దాకా పోయాడు. ఈత రాదు ఆయనకు. నలుగురు పోయి పట్టుకుని లాక్కొచ్చారు. గట్టు మీద కూలబడి, బురద చేతులతో తల కొట్టుకుంటూ, "నేనే చెప్పినా. బాగుందని నేనే చెప్పినా" అన్నాడు. మా నాయన ఏడవడం అప్పుడే చూశాను. ఇంత పెద్ద మనిషి ఇలా ఏడిస్తే ఇక లోకంలో పట్టుకోవడానికేముందనిపించింది.

చీకటి పడేదాకా ఎవరూ రాలేదు, ఏ కబురూ లేదు. ఇంకో పడవ కూడా లేదు. ట్రాక్టరు ట్రాలీలో టార్పాలిను కింద తెల్లవార్లూ కూర్చున్నాం. తెల్లారి ముసురు కాస్త తెరిపిచ్చింది. నాయన నన్ను ట్రాలీ అంచు మీద నిలబెట్టి, "బడి మిద్దె సూడు" అన్నాడు. చూశాను. అవతల పల్లెలో బడి ఒక్కటే నీళ్ళ మీద కనిపిస్తోంది. మిద్దె మీద జనం చీమల్లా ఉన్నారు. పిట్టగోడ మీద పొడుగ్గా ఏదో ఆరేసి ఉంది. పసుపుపచ్చగా. రెండు కొసల మీదా రాళ్ళు పెట్టి ఉంది. మా ఇంట్లో చీర అలా రాళ్ళు పెట్టి ఆరేసేది అమ్మ ఒక్కతే, గాలికి ఎగిరి షెడ్డు జిడ్డులో పడుతుందని. "అమ్మ చీర నాయనా! ఆరేసుండాది" అని అరిచాను. ఆయన నమ్మలేదు. మూడుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత ట్రాలీ చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు.

నీళ్ళు తగ్గాక అమ్మ వచ్చింది, చిన్నమ్మనూ ఆమె పిల్లవాడినీ పసిబిడ్డనూ వెంటబెట్టుకుని. జరిగింది ఇది. మోటారు ఆగాక పడవ అరటితోటలో చెట్లకు చిక్కుకుంది. ఖాసిం చిచ్చా అమ్మను భుజాల మీద ఎత్తుకుని, ఒక్కొక్క చెట్టూ పట్టుకుంటూ మెట్టకు చేర్చాడు. అక్కణ్ణుంచి నడిచి వాళ్ళు పొద్దుగూకేసరికి బడి మిద్దె ఎక్కారు. చిన్నమ్మకు ఆ రాత్రే ఆడపిల్ల పుట్టింది. బిడ్డ ఈసారీ అడ్డం తిరిగింది. అమ్మ చెయ్యి లేకపోతే ఇద్దరూ దక్కేవాళ్ళు కాదని ఆ ఊరి మంత్రసానే చెప్పింది. తాడు లాగి లాగి ఖాసిం చిచ్చా కుడి భుజం మాత్రం పట్టేసింది. ఆ చెయ్యి మళ్ళీ తలదాకా లేవలేదు. నాయన ప్రతి శుక్రవారం అవుకు పోయి ఆయన్ను చూసి వచ్చేవాడు. ఎందుకు పోతాడో మా ఇంట్లో ఎవరూ అడగలేదు.

అమ్మను తీసుకుని ఇంటికి పోయే ముందు నాయన నన్ను పక్కకు పిలిచాడు. "ఆముదం వల్లే మోటారు మోసం చేసిందని మీయమ్మకు చెప్పొద్దు పాపా. తెలిస్తే జేజి మొగం సూడదు. జేజికి అసలే చెప్పొద్దు, చచ్చిపోతాది" అన్నాడు. చెప్పనన్నాను. అప్పటినుంచి మా ఇంట్లో భయం ఒక మనిషిలాగా తిరగడం మొదలైంది. ఎందుకంటే జేజి ఊరుకోదు. వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేది. "నేను మోటార్లో ఆముదం పోసినాను కాబట్టే సగం నీళ్ళు దాటింది. లేకుంటే ఈ గట్టునే తుప్పు పట్టి ఆగిపోయుండు. నా ఆముదమే వాళ్ళను కాపాడింది" అనేది. అంతటితో ఆగక, "ఏమప్పా, నిజమా కాదా?" అని నాయన్ను అడిగేది. నాయన రొట్టె నములుతూ, తల ఎత్తకుండా, "అవును మా. నీ ఆముదమే" అనేవాడు. అమ్మ అప్పుడు ఏదో పని ఉన్నట్టు లోపలికి పోయేది. ఆమె పోయిన వైపు నాయన బెదురుగా చూసేవాడు. నేను ఇద్దరినీ చూసేదాన్ని. ఆ తర్వాత షెడ్డుకు ఏ ఇంజనొచ్చినా నాయన మొదట అడిగే మాట, "దీంట్లో ఎవురన్నా నూనె పోసినారా?" అని. రైతులు నవ్వేవాళ్ళు. ఎంత బాగున్న ఇంజనైనా సరే, బాగుందని ఆయన నోట మళ్ళీ రాలేదు. ముల్లు ఇంత ఎక్కిందని చెప్పి ఊరుకునేవాడు.

ఇప్పటి ఇళ్ళు చూస్తే నాకు ఒక్కోసారి ముచ్చటేస్తుంది, ఒక్కోసారి దిగులేస్తుంది. మా కోడలు కూర మాడిందన్నా ఫోనులో నాకూ మా అబ్బాయికీ ఒకేసారి చెప్పేస్తుంది. తప్పు ఎవరిదో అప్పటికప్పుడు తేలిపోతుంది, అరుచుకుంటారు, సాయంత్రానికి మరిచిపోతారు. గట్టున నిలబడ్డ మనిషికి అవతలి మనిషి బతికున్నాడో లేదో తెలియని ఆ పగలూ రాత్రీ ఇప్పుడు ఎవరికీ రావు. రాకూడవు కూడా. అయితే మా పెద్దవాళ్ళు ఒక మాటను కడుపులో పెట్టుకుని ఏళ్ళకేళ్ళు ఎలా మోశారో వీళ్ళకు చెప్పినా అర్థం కాదు. అందులో గొప్పతనం ఉందో, తెలివితక్కువతనం ఉందో నాకూ తేలలేదు.

జేజి పోయిన తర్వాతి ఏడు, నేను నంద్యాల నుంచి పుట్టింటికి పోయాను. నాయన ముందు షెడ్డులో పని చేసుకుంటున్నాడు. అమ్మా నేనూ వంటింట్లో శనక్కాయలు ఒలుస్తున్నాం. ఖాళీ అయిన ఆముదం సీసాలు కడగాలని ఏదో అన్నాను. అమ్మ చేతులు ఆగాయి.

"ఆ రోజు పడవలో నాకు ముందే తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"సగం ఏరు పోయినాక గాలి మళ్ళి, పొగ నా మొగాన కొట్టింది. ఆముదం వాసన. మీ జేజి పోసిందని అప్పుడే అర్థమయ్యింది. ఇన్నేండ్లు ఈ షెడ్డులో ఉండి ఆ మాత్రం తెలీదా నాకు? నూనె కాలిపోతే ఆగిపోతాదని తెలుసు. ఖాసిమన్నకు చెప్తే బెదురుతాడని పడవ అంచు పట్టుకొని కూర్చున్యా. చస్తే చస్తిమి అనుకున్యా."

"మరి వచ్చినాక నాయనకు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే బతుకుతాడా మీ నాయన?" అంది అమ్మ గొంతు తగ్గించి, నడవ వైపు చూస్తూ. "బాగుందని తన నోటితో చెప్పి పంపినాడు. కన్నతల్లి పోసిన నూనెతో తన గేజి తప్పు చూపించిందని తెలిస్తే మళ్ళీ ఆ పనిముట్టు ముట్టుకుంటాడా? మీ జేజి ఆ మాట ఎత్తినప్పుడల్లా నాకు పానం పోయేది, ఈయనకు యాడ అర్థమైపోతాదో అని. ముసలామె పోయింది. ఇంక ఆ భయం లేదు. నువ్వేమన్నా చెప్పేవు, జాగ్రత్త."

"చెప్పను మా" అన్నాను.

షెడ్డులోంచి నాయన నీళ్ళడిగాడు. అమ్మ చెంబు నింపి నా చేతికిచ్చింది. ఆ ఇరుకు నడవలో నాలుగడుగులు నడవాలి. అమ్మకు ఇచ్చిన మాట ఒకటి, నాయనకు ఇచ్చిన మాట ఒకటి. ఎవరి ముందు ఏ మాట నోరు జారుతుందోనని, ఆ రోజు గట్టున కూడా వేయనంత భయమేసింది. నాయన చెంబు అందుకుని, నా ముఖం చూసి, "ఏంది పాపా, అట్లుండావ్? మీయమ్మ ఏమన్నా అనిందా?" అన్నాడు.

"ఏం లేదు నాయనా" అన్నాను.

ఆయన వంటింటి వైపు ఒకసారి బెదురుగా చూసి, నీళ్ళు తాగాడు.